గిన్నె దగ్గర గుర్రుమనే కుక్క: వాదనలు, చేయాల్సిన పని

తింటున్న కుక్క దగ్గరికి ఎవరైనా వెళ్తే అది గుర్రుమంటోంది. ఈ మాట చెప్పగానే వచ్చే సలహా దాదాపు ఒకటే: "యజమాని ఎవరో దానికి తెలియాలి. మధ్యలో గిన్నె లాగేసుకోండి, అందులో చెయ్యి పెట్టి కలపండి, ఎదురు తిరిగితే మెడ పట్టి నేలకు అదమండి." కుక్కల శిక్షణ మీద ఏళ్ల తరబడి సాగుతున్న తగువంతా ఈ ఒక్క గిన్నె చుట్టూ చూడొచ్చు. పద్ధతికి వచ్చే ముందు ఈ సలహా ఎక్కడ పుట్టిందో తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే మీరు శిక్షణ మొదలుపెట్టాక కూడా చుట్టాలు, పక్కింటివాళ్లు దాన్నే చెబుతూ ఉంటారు.

"ఆల్ఫా" మాట ఎక్కడిది

1947లో జంతువుల ప్రవర్తనను అధ్యయనం చేసే రుడాల్ఫ్ షెంకెల్ స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జూలో బంధించి ఉంచిన తోడేళ్లను గమనించి, పైచేయి కోసం వాటి మధ్య జరిగే పోరును వర్ణించాడు. 1970లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ మెక్ తోడేళ్ల మీద రాసిన పుస్తకంతో "ఆల్ఫా", అంటే గుంపులో అందరి మీదా పైచేయి ఉన్నది, అనే మాట జనంలోకి వెళ్లింది. అక్కడి నుంచి కుక్కల ట్రైనర్ల నోటికి ఎక్కింది: కుక్క మిమ్మల్ని తనకంటే కిందివాళ్లుగా లెక్కగడుతోంది, మీరు పైకెక్కాలి.

కెనడాలోని ఎల్స్‌మియర్ దీవిలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్లను ఏళ్ల పాటు చూశాక, అదే మెక్ 1999లో ఆ లెక్క సరికాదని రాశాడు. అడవిలో గుంపు అంటే మామూలుగా తల్లీ తండ్రీ వాటి పిల్లలూ. కుర్చీ కోసం కుస్తీలు అక్కడ అరుదు. మన గిన్నెకు సరిగ్గా తగిలే మాట కూడా అందులో ఉంది: నోటి దగ్గరున్న తిండిని ప్రతి తోడేలూ కాపాడుకోవాలనే చూస్తుంది, లాక్కోవడానికి వచ్చింది ఎంత పెద్దదైనా సరే. కాబట్టి గుర్రుమనే కుక్క మీ పెత్తనానికి ఎసరు పెడుతోందని అనుకోనక్కర్లేదు. దాని బెంగ తిండి పోతుందనే.

దెబ్బ పనిచేసినట్టు ఎందుకు కనిపిస్తుంది

దండనను సమర్థించేవాళ్లు చెప్పేదాంట్లో ఒక నిజం ఉంది. గట్టిగా కొడితే, లాగితే మెడకు బిగుసుకునే చోక్ చైన్ గుంజితే, మెడకు షాక్ ఇచ్చే ఎలక్ట్రిక్ కాలర్ నొక్కితే గుర్రుమనడం ఆ రోజే ఆగిపోవచ్చు. చిక్కు అక్కడే ఉంది. మనిషి వస్తే తిండి పోతుందన్న బెంగ అలాగే ఉండి, మనిషి వస్తే నొప్పి అన్నది దానికి తోడవుతుంది. పైకి వినిపించే హెచ్చరిక మాత్రం మాయమవుతుంది. "ఏ సూచనా లేకుండా కరిచేసింది" అనే ఇళ్లలో, ఆ సూచనను ఎప్పుడో కొట్టి మాన్పించారేమో ముందు అడగాలి.

అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంవాళ్లు 2009లో, ప్రవర్తన సమస్యలున్న కుక్కల యజమానులు 140 మందిని అడిగి ఫలితాలు ప్రచురించారు. కొట్టడం, తన్నడం చేసినవాళ్లలో 43 శాతం, నోట్లోది బలవంతంగా లాగినవాళ్లలో 39 శాతం, వెల్లకిలా పడేసి అదిమినవాళ్లలో 31 శాతం మంది కుక్క తిరగబడిందని చెప్పారు.

తిండితో నేర్పేవాళ్లంతా సరిగ్గా చేస్తున్నారనీ కాదు. కుక్క గుర్రుమన్నాక గాభరాగా బిస్కెట్ చూపించి బుజ్జగించడం శిక్షణ కాదు. మన రాకే మంచి వార్త అని దానికి అర్థం కావాలంటే, తిండి ప్రతిసారీ మన రాక తర్వాతే రావాలి.

మొదలుపెట్టే ముందు

ఇదివరకు శాంతంగా తినే పెద్ద కుక్క ఉన్నట్టుండి ఇలా మారితే ముందు పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. పంటి నొప్పి, చెవి నొప్పి, కీళ్ల నొప్పి ఉన్న కుక్క ఎవరినీ దగ్గరికి రానివ్వదు. దురదకు స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే ఆకలి విపరీతంగా పెరుగుతుంది, దాంతో తిండికి ఇలా కాపలా కాయడం కూడా పెరగొచ్చు.

తర్వాత ఇల్లు సర్దాలి. గిన్నె నడవలోనో వంటింటి గుమ్మంలోనో ఉంటే తినేంతసేపూ కాళ్లు దాటుతూనే ఉంటాయి. మూలగా, ఎవరూ నడవని చోటికి మార్చండి. రెండు కుక్కలుంటే రెండు గదులు, తలుపులు మూసి. ఖాళీ గిన్నెను కుక్క ఆ గది వదిలి వెళ్లాకే తీయండి. పిల్లలున్న ఇంట్లో తినేటప్పుడు మధ్యలో తలుపో గేటో ఉండాల్సిందే; "మా పాపను ఏమీ అనదు" అన్న నమ్మకం మీద ఏదీ వదిలేయకూడదు. పనిమనిషికి, అమ్మమ్మకు, ఇంటికొచ్చిన చుట్టాలకు విడివిడిగా చెప్పండి. భోజనాల దగ్గర కంచంలోంచి తలా ఒక ముద్ద నేల మీద పడేస్తుంటే కాపలా కాయాల్సిన చోట్లు పెరుగుతాయి. అది పూర్తిగా ఆపాలి.

గుర్రుమనడానికి ముందే ఒళ్లు చెబుతుంది. మీరు దగ్గరయ్యేకొద్దీ తినే వేగం పెరగడం, తల గిన్నెలోకి ఇంకా దించడం, గిన్నె మీదికి ఒళ్లు వంచడం, నమలడం ఆపి బిగుసుకుపోవడం, తల కదపకుండా ఓరగా చూస్తే కంట్లో తెలుపు కనిపించడం. తోక ఊపుతోంది కదా అని మోసపోవద్దు. బిగిసిన తోక ఊగినా అది స్నేహం కాదు. వీటిలో ఏది కనిపించినా మీరు అప్పటికే ఎక్కువ దగ్గరకు వెళ్లారని అర్థం.

గిన్నె వైపు నడక

గిన్నెలో మామూలు తిండి ఉండాలి: డాగ్ ఫుడ్ గానీ, రోజూ పెట్టే గుడ్డన్నం గానీ. మీ చేతిలో దానికంటే చాలా రుచైనది: ఉడికించిన చికెన్, కార్జం లేదా పనీర్, శనగగింజంత ముక్కలు. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి తగలకూడదు. చేతిలోది గిన్నెలోదానికంటే మెరుగ్గా లేకపోతే ఈ పద్ధతి మొత్తం కుప్పకూలుతుంది. మొదటి వారంలోనే "లాభం లేదు" అనేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఇదే.

ఏ దూరంలో కుక్క మెత్తగా, తొందర లేకుండా తింటోందో కనిపెట్టండి. అది ఆరడుగులైతే మీరు ఎనిమిది అడుగుల దగ్గర ఒక గీత ఉందనుకుని మొదలుపెట్టండి. ఆ గీత దాకా నడవండి, ఆగండి, ఒక ముక్క గిన్నె పక్కన పడేలా విసరండి, వెనక్కి తిరిగి వెళ్లిపోండి. ఒక భోజనంలో ఆరు నుంచి ఎనిమిది సార్లు చాలు. ముందు నడక, తర్వాత ముక్క. ఈ వరుస తిరగబడకూడదు. ముక్క ముందే పడి మీరు తర్వాత వెళ్తే, కుక్క నేర్చుకునేది మంచి తిండి పడితే మనిషి మీదికొస్తాడని.

మీరు కదలగానే కుక్క తలెత్తి, ఒళ్లు వదులుగా, "ఏదీ ముక్క?" అన్నట్టు చూస్తే పని జరుగుతోంది. వరుసగా మూడు భోజనాల్లో అలా చూశాకే అర అడుగు ముందుకు జరగండి. బిగుసుకుంటే రెండడుగులు వెనక్కి వెళ్లి అక్కడి నుంచి మళ్లీ. గుర్రుమంటే తిట్టకండి, నిలబడి చూడకండి, వెళ్లిపోండి. "వెళ్లిపోతే అదే గెలిచినట్టు కదా" అంటారు. ఒక్కసారి వెనక్కి తగ్గితే ఏమీ మునగదు. రోజూ గుర్రుమంటోందంటే మాత్రం మీ దూరం తప్పు.

గిన్నె పక్కకు చేరాక మెట్లు ఇంకా చిన్నవి కావాలి. నిలబడి ముక్కను గిన్నెలో వేయడం, నడుము కొద్దిగా వంచి వేయడం, పూర్తిగా వంగి వేయడం, ఒక చెయ్యి గిన్నె అంచుకు తాకించి రెండో చేత్తో వేయడం, చివరికి గిన్నెను అంగుళం ఎత్తి ముక్క వేసి వెంటనే దించడం. వంగే దగ్గరే ఎక్కువ కుక్కలు బెదురుతాయి, మీదికి ఒరిగే ఒళ్లు వాటికి నచ్చదు. అక్కడ వారాలు పట్టినా తొందరపడొద్దు.

మీ దగ్గర కుదిరింది కదా అని మీ తమ్ముడి దగ్గరా కుదిరిపోదు. పెద్దవాళ్లలో ప్రతి ఒక్కరూ మొదటి గీత నుంచే మొదలుపెట్టాలి. రెండో మనిషికి సాధారణంగా తక్కువ రోజులు పడుతుంది. ఇద్దరు ఒకేసారి దగ్గరికి వెళ్లొద్దు. ఇచ్చిన చికెన్ మేరకు గిన్నెలోది తగ్గించండి, లేకపోతే కుక్క లావెక్కుతుంది.

నోట్లో ఉన్నది వదిలించడం

"వదులు" అన్న మాటైనా, "డ్రాప్" అన్నా, ఇంట్లో అందరిదీ ఒకే మాట కావాలి. కుక్కకు పెద్దగా పట్టింపు లేని తాడు బొమ్మతో మొదలుపెట్టండి. మాట అనండి, ఒక క్షణం ఆగి ఐదారు ముక్కలు నేల మీద చల్లండి. మొదటి వారం బొమ్మ మీద చెయ్యి వేయనే వద్దు. తర్వాత అది ఏరుకుంటున్నప్పుడు బొమ్మ తీసి, తిన్నాక తిరిగి ఇచ్చేయండి. తిరిగి ఇవ్వడమే ఇందులో కీలకం. దొరికిన ప్రతిదీ లాక్కుంటే, రెండోసారి అది వస్తువుతో మంచం కిందికి దూరుతుంది. చెప్పు, సాక్సు లాంటివి నోట పట్టినప్పుడు వెంటపడి అరవడం కూడా అదే నేర్పుతుంది. చాక్లెట్టో మాత్రల స్ట్రిప్పో పట్టుకుంటే నియమాలు పక్కనపెట్టి, ఇంట్లో ఉన్న అత్యంత రుచైనది నాలుగడుగుల దూరంలో చల్లండి. మింగిందని అనుమానం ఉంటే వెంటనే వైద్యుడికి ఫోన్ చేయండి.

కుక్కపిల్ల అయితే పని చాలా తేలిక. భోజనానికి ఒక్కసారి వెళ్లి గిన్నెలో మంచి ముక్క వేసి వచ్చేయండి, మిగతా సేపు ప్రశాంతంగా తిననివ్వండి. "అలవాటు కావాలి" అంటూ గిన్నె మాటిమాటికీ తీసి పెట్టడం, చేత్తో కెలకడం లేని జబ్బును తెచ్చిపెడుతుంది.

కాటు పడితే

గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసుపు పెట్టొద్దు. పెంపుడు కుక్కే కదా, టీకా వేయించాం కదా అని ఊరుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. రేబిస్ టీకా అవసరమో కాదో డాక్టరే తేల్చాలి.

చర్మం చిట్లేలా కరిచినా, ఇంట్లో చిన్నపిల్లలున్నా, కుక్క తిండితో పాటు సోఫాను, మనుషులను కూడా కాపలా కాస్తున్నా ఇది ఒంటరిగా చేసే పని కాదు. ట్రైనర్‌ను పెట్టుకునే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "శిక్షణ మధ్యలో కుక్క గుర్రుమంటే మీరేం చేస్తారు?" దూరం పెంచుతాను, మెట్టు తగ్గిస్తాను అంటే మాట్లాడొచ్చు. "నా ముందు గుర్రుమనదు" అంటే వద్దు. మూతికి తొడుగు అవసరమైతే నోరు తెరిచి వగర్చడానికి వీలుండే బుట్ట రకమే కొనండి. మూతిని బిగించి కట్టే గుడ్డ తొడుగుతో మన ఎండల్లో కుక్కకు వడదెబ్బ తగులుతుంది.

అంతా కుదిరాక కూడా వారానికి రెండుసార్లు గిన్నె దగ్గరికి వెళ్లి ఒక ముక్క వేసి రండి. ఇల్లు మారినప్పుడు, పండక్కి ఇంటి నిండా జనం ఉన్నప్పుడు పాత గుణం తిరగబెట్టొచ్చు. ఆ రోజుల్లో గది తలుపు మూసి తిననివ్వండి, చుట్టాలు వెళ్లాక రెండు మూడు మెట్లు వెనక నుంచి మళ్లీ మొదలుపెట్టండి.