ఉప్పు నీటి మొక్కలు వాడిపోతున్నాయా? ముందు ఉప్పు ఎక్కడ చేరిందో వెతకండి

ఉప్పు నీటిని వదిలించుకోవడానికి ఏట్రిప్లెక్స్, సాలికోర్నియా, డిస్టిక్లిస్ గడ్డి లాంటి ఉప్పును తట్టుకునే మొక్కలు పెంచే చోట వచ్చే తిప్పలు చాలావరకు ఒకే అపోహలోంచి పుడతాయి: మొక్క ఉప్పును లాగేస్తుందని. మొక్క లాగేది నీటిని. ఈసీ 10 ఉన్న నీటిలో లీటరుకు దాదాపు 7 గ్రాముల ఉప్పు ఉంటుంది (ఈసీ అంటే విద్యుత్ వాహకత, ఉప్పు ఎంత ఉందో చెప్పే కొలత; ఇక్కడ అంకెలన్నీ డెసీసీమెన్స్/మీటరులో). ఆ నీరు ఏడాదికి 1000 మి.మీ. పారిస్తే హెక్టారుకు 70 టన్నుల ఉప్పు చేరుతుంది. 10 టన్నుల ఎండు ఏట్రిప్లెక్స్ కోసి బయటికి పంపినా, అందులో 20-30 శాతం బూడిద (కాల్చాక మిగిలే ఉప్పులు, ఖనిజాలు) ఉందనుకున్నా, పోయేది 2-3 టన్నులే. మిగిలిన ఉప్పుకు మీరే దారి చూపాలి.

విత్తనం మొలవదు, మొలిచినా రెండాకుల దశలో చస్తుంది

ఉప్పును తట్టుకునేది ఎదిగిన మొక్క. మొలక కాదు. పైగా ఉప్పు ఎక్కువగా పేరుకునేది పైనున్న ఒకటి రెండు సెంటీమీటర్ల మట్టిలోనే, విత్తనం పడేదీ అక్కడే. ఈసీ 2-3కు మించని నీటితో మొలిపించండి. తర్వాత నాలుగు నుంచి ఆరు వారాల్లో ఉప్పు నీటి వాటాను పావు, సగం, ముప్పావు చొప్పున పెంచుకుంటూ వెళ్లండి. ఏట్రిప్లెక్స్ గింజ చుట్టూ ఉండే పొరల్లోనే ఉప్పు ఉంటుంది, కాబట్టి విత్తే ముందు మంచినీటిలో నానబెట్టి రెండు మూడుసార్లు కడగాలి. బోదెల మీద నాటేటప్పుడు నడినెత్తిన పెట్టకండి. రెండు కాలువల నుంచి పాకే తేమ ఉప్పును అక్కడికే చేరుస్తుంది. బోదె పక్కవాలులో నాటండి.

రెండేళ్లు బాగా పెరిగింది, ఆ తర్వాత ఆకు అంచులు మాడి ఎదుగుదల ఆగింది

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. అందరూ మొక్కనే తప్పుపట్టి రకం మారుస్తారు. ముందు మట్టిని చూడండి: 0-30, 30-60, 60-90 సెం.మీ. లోతుల్లో విడివిడిగా నమూనాలు తీసి ఈసీ కొలవండి.

లోతుకు వెళ్లేకొద్దీ ఈసీ పెరుగుతుంటే ఉప్పు కిందికి దిగుతోందని అర్థం, అది మంచిదే. పై పొరలోనే అత్యధికంగా ఉంటే భూగర్భజలం పైకి వచ్చి, మట్టిలోంచి పాకి ఆవిరవుతోంది. పరిశీలన గొట్టం దింపి చూడండి. నీటిమట్టం రెండు మీటర్లలోపే ఉంటే ఎంత పారించినా లాభం లేదు, ముందు డ్రెయిన్ కావాలి. మధ్య పొరలోనే ఈసీ ఎక్కువగా కనిపిస్తే నీరు అక్కడిదాకానే వెళ్లి ఆగిపోతోంది, అంటే మీరు ఇచ్చేది చాలడం లేదు.

ఎంత ఇవ్వాలి? లోపలికి వచ్చే నీటి ఈసీని, వేళ్ల కిందినుంచి బయటికి వెళ్లే నీటికి మీరు ఒప్పుకునే ఈసీతో భాగించండి. 10ని 25తో భాగిస్తే 0.4. పారించిన నీటిలో ఆ వాటా వేళ్లు దాటి కిందికి పోవాలి. మొక్కలు 900 మి.మీ. తాగుతాయనుకుంటే 900ని 0.6తో భాగించి 1500 మి.మీ. ఇవ్వాలి. కిందికి దిగిన నీటిని 1.5-2 మీటర్ల లోతున వేసిన చిల్లుల పైపులు పట్టుకోవాలి. ఆ ఈసీ 25 నీటిని సాలికోర్నియా మడికి మళ్లించి, అక్కడ ఈసీ 50 దాకా చిక్కబడనివ్వండి. మొదట్లోని 100 లీటర్లలో ఇప్పుడు సుమారు 20 మిగులుతాయి, అవి చివరి ఆవిరి గుంటకు వెళతాయి. ఉప్పు దాదాపు మొత్తం ఆ ఇరవైలోనే ఉంటుంది. ఈ పద్ధతి చేసే మేలు ఇదే: పారబోయాల్సిన నీరు తగ్గుతుంది, ఉప్పు తగ్గదు.

చలి నెలల్లో, వానల్లో మొక్కలు తాగేది బాగా పడిపోతుంది. విస్తీర్ణాన్ని వేసవి లెక్కతో వేస్తే అప్పుడు నీరు పొంగిపోతుంది, అందుకే ఆ నెలలకు నిల్వ చోటు ముందే ఉండాలి.

నీరు ఇంకదు, వాన తర్వాత పైన జిగురు పొర కడుతుంది

ఇది సోడియం పని. ఉప్పు నీరు పారినంత కాలం బంకమట్టి కణాలు గుంపుగానే ఉంటాయి. మంచినీరు పడగానే విడిపోయి రంధ్రాలను మూసేస్తాయి. ఎండిన మట్టిపెళ్లను డిస్టిల్డ్ వాటర్‌లో కదపకుండా వేయండి. చుట్టూ పాలలా మబ్బు కమ్మితే సందేహం అక్కర్లేదు. మందు జిప్సం: 100 గ్రాముల మట్టిలో తొలగించాల్సిన ప్రతి 1 మిల్లీ ఈక్వివలెంట్ (మట్టి పరీక్ష నివేదికలో వచ్చే కొలత) సోడియానికి, 15 సెం.మీ. లోతుకు, హెక్టారుకు సుమారు 1.7 టన్నుల శుద్ధ జిప్సం. వానలకు ముందే వేయాలి, తర్వాత కాదు.

చిన్న జల్లు పడిన మర్నాడు డ్రిప్ కింది మొక్కలు వాడిపోయాయి

డ్రిప్ ఉప్పును తడి అంచుకు నెడుతుంది. చిన్న జల్లు దాన్ని తిరిగి వేళ్ల దగ్గరికి తోస్తుంది. జల్లు పడేటప్పుడు డ్రిప్ ఆపకండి, నడవనివ్వండి. డ్రిప్పర్లు మూసుకుపోతే ఒకదాన్ని పలచని ఆమ్లంలో వేసి చూడండి. నురగ వస్తే అది కార్బొనేట్, ఆమ్లంతో కడిగితే పోతుంది. నురగ రాకుండా గట్టిగా ఉంటే జిప్సం పెచ్చు కావచ్చు, అది ఆమ్లానికి లొంగదు, డ్రిప్పర్ మార్చాల్సిందే.

చివరి గుంటలో మట్టం తగ్గదు, లేదా అనుమానంగా త్వరగా తగ్గుతుంది

ఉప్పు చిక్కబడేకొద్దీ ఆవిరి నెమ్మదిస్తుంది, సంతృప్త స్థాయి దగ్గర మంచినీటి వేగంలో సుమారు 70 శాతమే. గుంట వైశాల్యాన్ని ఆ వేగంతో లెక్కించండి. పైన ఉప్పు పెచ్చు కడితే పగలగొట్టండి. త్వరగా తగ్గుతుంటే అదే నీటితో ఒక తొట్టి నింపి గుంటలోనే నిలపండి. తొట్టికంటే గుంట ఎక్కువ దిగితే అడుగున షీటు కారుతోంది.

నీటిలో సెలీనియం (మోతాదు మించితే విషమయ్యే మూలకం) ఉందేమో ముందే పరీక్ష చేయించండి. కాలిఫోర్నియాలోని కెస్టర్సన్ జలాశయంలో పొలాల డ్రెయిన్ నీరు నిలవ చేస్తే, 1983లో పక్షి పిల్లలు వికృత అవయవాలతో పుట్టడం బయటపడింది. సెలీనియం ఉన్న నీటిని గుంటగా నిలవనివ్వకూడదు. ఆ రోజే ఆవిరయ్యేంత మాత్రమే తుంపరగా చల్లాలి. ఆ నీరు పారిన మడిలో కోసిన మేతను పరీక్షించకుండా పశువుల ముందు వేయకూడదు.