అయిదు తీగల బేస్ గిటార్‌కు స్ట్రింగ్ స్పేసింగ్ (ఒక తీగ నడిమి నుంచి పక్క తీగ నడిమికి దూరం) ఎంచుకునే ముందు జాగ్రత్తలు

తిరుపతి నుంచి బస్సెక్కి చెన్నై షాపుకు పోయినా, ఇంటికే తెప్పించుకున్నా, చేతిలో ఒక స్టీల్ స్కేలు ఉండాలి.

• కొలత బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే చోటు) దగ్గర తీయండి, నట్ (మెడ చివర తీగలు ఆనే గాడుల ముక్క) దగ్గర కాదు. ఒక్క సందునే కొలిస్తే అర మిల్లీమీటరు తేడా ఇట్టే వస్తుంది. ఒక చివరి బి తీగ నడిమి నుంచి మరో చివరి జి తీగ నడిమికి కొలిచి 4తో భాగించండి. 76 వస్తే 19 మి.మీ., 66 వస్తే 16.5.

• స్లాప్ (బొటనవేలితో తీగను కొట్టి వాయించడం) ఎక్కువగా వాయిస్తారా? 18-19 మి.మీ. చూడండి, పాప్ చేసే (తీగను పైకి లాగి వదిలే) వేలు తీగ కింద దూరాలి. వేళ్లతో వేగంగా వాయించేవాళ్లకు 16.5 హాయి. ఐబనెజ్ ఎస్ఆర్505 మోడల్‌ది అంతే ఉంటుంది, యమహా టీఆర్‌బీఎక్స్505ది 18.

• తీగ మందం మరవొద్దు. 130 గేజ్ (అంగుళంలో వెయ్యో వంతులు 130) బి తీగే 3.3 మి.మీ. ఉంటుంది. అందుకే 16.5 స్పేసింగ్‌లో బి-ఇ మధ్య ఖాళీ 13.5 దాకానే, డి-జి మధ్య 15 పైన. ఇరుకు ముందు తెలిసేది బి దగ్గరే.

• బ్రిడ్జి ఒక్కటే మార్చి వెడల్పు చేద్దామనుకుంటే ఆగండి. చివరి ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు కడ్డీ) దగ్గర బయటి తీగలకు అటూ ఇటూ 3 మి.మీ. అయినా అంచు మిగలకపోతే, లాగినప్పుడు జి జారిపోతుంది. పికప్‌కు (తీగ కదలికను పట్టే అయస్కాంతపు భాగానికి) తీగకొకటిగా విడివిడి పోల్ ముక్కలుంటే తీగలు వాటి మీది నుంచి పక్కకు తప్పుకుంటాయి, చివరి తీగల మోత తగ్గుతుంది. పొడవాటి ఒకే ముక్క ఉండే బార్ పికప్‌కు ఈ బాధ తక్కువ.

• మే ఎండలో కారులో ఉంచిన గిటార్‌ను వెంటనే పరీక్షించొద్దు. మెడ వంగి తీగలు పైకి లేస్తే, తప్పు స్పేసింగ్ మీదికి నెడతారు.

• కూర్చుని కాదు, పట్టీ వేసుకుని నిలబడి వాయించి చూడండి.