హంపీ వెళ్తున్నారా, లిస్టు ఇంట్లోనే పెట్టి రండి

మొదటిసారి వెళ్ళినప్పుడు నేనూ అందర్లాగే ఆటో మాట్లాడుకుని ఒక్కరోజులో పద్నాలుగు స్పాట్లు చుట్టేశా, ఇంటికొచ్చి చూస్తే ఫోన్ నిండా ఫొటోలే, ఏ గుడి ఏదో ఒక్కటీ గుర్తులేదు. మనసు కాస్త కుదుటపడాలని వెళ్ళేవాళ్ళు ఇలా ట్రై చేయండి.

హోస్పేట నుంచి 13 కిలోమీటర్లే, తెల్లారకముందే బయల్దేరి నేరుగా హేమకూటం కొండ ఎక్కేయండి. మతంగ కొండంత ఆయాసం ఉండదు. ఓ అరగంట ఫోన్ జేబులోనే ఉంచి బండ మీద ఊరికే కూర్చోండి. కింద విరూపాక్ష గోపురం, ఆ పక్కన తుంగభద్ర, చుట్టూ ఎవరో పేర్చి పోయినట్టు గుండ్రాళ్ళు, వెలుగొచ్చేకొద్దీ ఏది కొండో ఏది మండపమో తేల్చుకోలేం, ఎందుకంటే రెండూ అదే గ్రానైటు కదా. చాలా బండల అంచుల్లో వరసగా చిన్న చిన్న గుంటలుంటాయి చూడండి, రాయిని చీల్చడానికి అప్పటి పనివాళ్ళు తొలిచినవి. నేను ఒకదాంట్లో వేలు దూర్చి చూశా, రెండు కణుపుల దాకా దిగింది.

దిగొచ్చి విరూపాక్షుడి దర్శనం చేసుకోండి, ఇప్పటికీ రోజూ పూజ జరిగే గుడి. వెనకవైపు చీకటి గదిలో గోపురం నీడ గోడ మీద తలకిందులుగా పడుతుంది, అది మిస్సవ్వొద్దు.

విఠలాలయానికి మాత్రం బండి వద్దు, నది పక్కనే నడిచి వెళ్ళండి. 50 రూపాయల నోటు మీదున్న రాతిరథం అక్కడే, కానీ నన్నడిగితే రథం కన్నా ఆ దారే బాగుంటుంది.

మధ్యాహ్నం రాళ్ళు పెనంలా కాలుతాయి, రూముకెళ్ళి పడుకోండి. సాయంత్రం బడవిలింగం దగ్గరికి రండి, లింగం చుట్టూ ఎప్పుడూ నీళ్ళే. పక్కనే 1528లో కృష్ణదేవరాయలు చేయించిన ఉగ్రనరసింహుడు, ఒకే రాయి. 1565 తళ్ళికోట యుద్ధం తర్వాత ఊరంతా పాడుబడిపోయింది, విజయనగర రాజుల కాలం నాటి కాలువలు మాత్రం ఇంకా పారుతున్నాయి, చుట్టుపక్కల అరటితోటలు బతికేది వాటితోనే. నాకైతే ఏ శిల్పం ముందూ రాని నిమ్మళం ఆ కాలువ గట్టు మీద కూర్చుంటే వచ్చింది.

వానాకాలం అయితే ముందే కనుక్కుని వెళ్ళండి, తుంగభద్ర డ్యామ్ గేట్లెత్తితే నదిలో తిరిగే పుట్టి పడవలు ఆపేస్తారు, నది పక్క దారి కూడా నీళ్ళలోకి పోవచ్చు.