పీయూసీ (కర్ణాటక ఇంటర్) అయ్యేదాకా ఆగకండి, కాగితాలు తొమ్మిదో తరగతిలోనే మొదలుపెట్టండి

బెంగళూరు కేఆర్ పురంలో నాది జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు. వచ్చేవాళ్లలో మన చిత్తూరు, అనంతపురం వైపు వాళ్లే ఎక్కువ. బాగా చదివే పిల్లలు కూడా సీఈటీ (ఇంజినీరింగ్ లాంటి కోర్సులకు కర్ణాటక పెట్టే ఎంట్రెన్సు) అప్లికేషన్ దగ్గర బిక్కమొహం వేసుకుని కూర్చుంటారు. కారణం ఎప్పుడూ కాగితాలే.

ముందు పేరు చూసుకోండి. ఊళ్లో తీయించిన ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, అదీ ముందు ఉంటుంది. ఇక్కడి బళ్లో పేరు వెనక ఒక్క ఇనీషియల్ తగిలించి రాసుకుంటారు. పదో తరగతి పరీక్షకు పేర్లు పంపకముందే రెండూ పక్కపక్కన పెట్టి, ఒక్కో అక్షరం సరిచూడండి. మార్కుల కార్డు అచ్చయ్యాక దిద్దించాలంటే చెప్పులరుగుతాయి.

రెండోది 7 ఏళ్ల లెక్క, సీఈటీలో కర్ణాటక పిల్లలుగా సీటు అడగాలంటే ఇది కావాలి. ఒకటో తరగతి నుంచి రెండో పీయూసీ లోపల కనీసం 7 ఏళ్లు కర్ణాటకలో చదివి, పదో తరగతో రెండో పీయూసీయో ఇక్కడే పాసవ్వాలి. మనవాళ్లు ఎక్కువగా వచ్చేది ఈ క్లాజు కిందే. మదనపల్లెలో ఐదో తరగతి దాకా చదివి, ఆరులో బెంగళూరొచ్చిన పిల్లోడికి సరిగ్గా సరిపోతుంది. ఏడో తరగతిలో వచ్చినవాడికి ఒక్క ఏడాది తక్కువ. అలాంటివాళ్లు కామెడ్‌కే (ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల ఎంట్రెన్సు) మీద గట్టిగా పెట్టుకోవాలి, దానికి ఏ రాష్ట్రం వాళ్లయినా రాయొచ్చు. స్టడీ సర్టిఫికెట్ మీద హెడ్మాస్టరు సంతకంతో పాటు బీఈఓ (బ్లాకు విద్యాధికారి) సంతకమూ కావాలి. బడి మారిన ప్రతిసారీ టీసీతో పాటే అదీ అడిగి తీసుకోండి. చిన్న ప్రైవేటు బళ్లు మూతపడితే ఎవరి వెంట తిరుగుతారన్నా? రిజర్వేషన్ ఉన్నవాళ్లకు నాడకచేరిలో (ఇక్కడి రెవెన్యూ ఆఫీసు) ఇచ్చే, ఆర్డీ నంబరు (సర్టిఫికెట్ మీద ఉండే నంబరు) ఉన్న కుల ధ్రువీకరణే కావాలి. ఆంధ్రాలో మన ఊరి తహసీల్దారు ఇచ్చింది ఇక్కడ చెల్లదు.

ఇక చదువు సంగతి. ఇంజినీరింగ్ ర్యాంకులో సగం బరువు సీఈటీది, సగం రెండో పీయూసీలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ మార్కులది. కోచింగ్ మోజులో బోర్డు పరీక్షను వదిలేసేవాళ్లకు ఈ మాట గట్టిగా చెప్తా. సీఈటీలో సబ్జెక్టుకు 60 ప్రశ్నలు, 80 నిమిషాలు. తప్పుకు మార్కు కోయరు కాబట్టి ఒక్క గడీ కూడా ఖాళీగా వదలొద్దు. డాక్టరీ మీద మనసు లేని పిల్లకు "ఉంటే మంచిదిలే" అని బయాలజీ అంటగట్టకండి, పీసీఎంసీ (ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, కంప్యూటర్ సైన్స్) తీసుకుంటే కంప్యూటరైనా వస్తుంది. కామర్స్‌కు సీఈబీఏ (కంప్యూటర్ సైన్స్, ఎకనామిక్స్, బిజినెస్ స్టడీస్, అకౌంటెన్సీ) అడగండి. సీఏ ఫౌండేషన్‌కు పదో తరగతి అవగానే పేరు నమోదు చేసుకోవచ్చు.

తొందరగా సంపాదించాల్సిన ఇల్లయితే నేను పాలిటెక్నిక్ వైపే చూడమంటా. పది తర్వాత 3 ఏళ్ల డిప్లొమా, ఆపైన డీసెట్ (డిప్లొమా వాళ్ల ఎంట్రెన్సు) రాస్తే నేరుగా రెండో ఏడాది ఇంజినీరింగ్. రాజాజీనగర్‌లో జీటీటీసీ (మెషీన్ పని నేర్పే ప్రభుత్వ శిక్షణ కేంద్రం) ఉంది. మెషీన్ల మీద చెయ్యి తిరగాలనుకునే పిల్లోణ్ణి చేర్చకముందే ఓసారి తీసుకెళ్లి చూపించండి, ఆ నూనె వాసన నచ్చుతుందో లేదో వాడికే తెలుస్తుంది.

అప్లికేషన్లో షాపువాళ్ల ఫోన్ నంబరు ఇవ్వొద్దు, నాది కూడా. ఓటీపీ అంతా ఆ నంబరుకే వస్తుంది, కాలేజీల ఆప్షన్లు పెట్టే రోజు మా షాపుకు తాళం ఉండొచ్చు. ఇంట్లో ఎప్పుడూ ఉండే ఫోన్ నంబరు ఇచ్చి, పాస్‌వర్డు నోట్‌బుక్కులో రాసుకోండి. మాక్ అలాట్‌మెంట్ (ఏ సీటు రావొచ్చో ముందుగా చూపించే నమూనా) చూసుకున్నాక కాలేజీల వరస మార్చుకునే వీలుంటుంది, అప్పుడూ ఆ ఫోనూ పాస్‌వర్డే కావాలి.