నుమాయిష్ రద్దీలో ఒకప్పుడు ప్రేమించిన మనిషి కనబడితే ఏం చేయాలి

సాధారణంగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 వరకు హైదరాబాదు నాంపల్లిలో జరిగే పెద్ద ఎగ్జిబిషన్ నుమాయిష్‌కు ఊరు ఊరంతా కదిలి వస్తుంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో ఇప్పటి మైదానానికి మారిన ఈ ప్రదర్శనకు చిన్నప్పుడు తాతల వేలు పట్టుకొని వచ్చినవారు ఇప్పుడు మనవలను వెంటబెట్టుకొని వస్తున్నారు. ఒకప్పుడు ప్రేమించుకొని విడిపోయిన ఇద్దరూ ఈ నగరంలోనే స్థిరపడితే, ఏదో ఒక సంవత్సరం ఇక్కడ ఎదురుపడటంలో వింతేమీ లేదు. నాకు అలాగే జరిగింది. కాశ్మీరీ శాలువల దుకాణం ముందు మా అమ్మాయి చెయ్యి పట్టుకొని నిలబడి ఉండగా, పదహారేళ్ల తరువాత అతను కనిపించాడు. ఆ సాయంత్రం నేను చేసిన పనులలో కొన్ని సరైనవి, కొన్ని కావు. ఆ రెండింటినీ దృష్టిలో పెట్టుకొని, ఇటువంటి సందర్భం ఎదురైనవారికి ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు మీ వెంట ఉన్న పిల్లల చెయ్యి వదలకండి. ఇది చాలా చిన్న మాటలాగా అనిపించవచ్చు గాని, నేను చేసిన తప్పు ఇదే. అతని భుజాలు కనబడిన క్షణంలో నా పట్టు సడలింది. నేను తిరిగి చూసేసరికి అమ్మాయి పక్కన లేదు. రెండు దుకాణాల అవతల గాజుల దగ్గర దొరికింది గాని, తప్పిపోయిన పిల్లల గురించి మైకులో ప్రకటనలు వినబడుతూ ఉండే ఆ మైదానంలో ఆ కొద్ది క్షణాలు నాకు ఎంత పొడవుగా గడిచాయో ఇప్పటికీ మరిచిపోలేను. చేతి సంచీ, ఫోను సంగతి కూడా అంతే. మనసు ఒకచోట చిక్కుకున్నప్పుడు చేతులు వాటంతట అవే జాగ్రత్తగా ఉండవు.

తరువాత, కనిపించినది నిజంగా ఆ మనిషేనా అని చూసుకోవాలి. మన జ్ఞాపకంలో ఉన్నది ఇరవై రెండేళ్ల ముఖం. ఎదురుగా ఉన్నవారికి ఇప్పుడు నలభై దగ్గరపడి ఉంటుంది. అందువల్ల రద్దీలో మనం పొరబడేది ఎక్కువగా ఆ వయసు కుర్రవాళ్లను చూసే. నడక కొంత నమ్మదగిన గుర్తు. కటింగ్, కొజ్లోవ్‌స్కీ అనే ఇద్దరు పరిశోధకులు, కీళ్ల దగ్గర వెలుగు చుక్కలు తప్ప మరేమీ కనబడకుండా నడిచే స్నేహితులను కూడా మనుషులు ఒట్టి ఊహకంటే మెరుగ్గా గుర్తుపట్టగలరని 1977లో చూపించారు. అయినా అది పూర్తి రుజువు కాదు గనుక, ఆ మనిషి ఇటు తిరిగేవరకు ఆగండి. తేల్చుకోవాలన్న ఆత్రంతో పేరు పెట్టి మాత్రం పిలవవద్దు. ఎంత గోలలోనైనా తన పేరు వినబడితే మనిషి తల తిప్పుతాడు, అతనితో పాటు అతని ఇంటివాళ్లూ తిప్పుతారు. ఆపైన జరిగేది ఎవరి చేతుల్లోనూ ఉండదు.

అవునని తేలిన వెంటనే గుండె వేగం పెరగడం, అరచేతులు చెమర్చడం, నోరు ఎండిపోవడం సహజం. ఒంట్లో ఒక్కసారిగా విడుదలైన ఎడ్రినలిన్ చేసే పని ఇది. రక్తంలో దాని మోతాదు సగానికి తగ్గడానికి రెండు మూడు నిమిషాలే పడుతుంది. మనలో చాలామంది ఆ దడను పాత ప్రేమ మిగిలి ఉందనడానికి సాక్ష్యంగా తీసుకొని, ఆ వేడిలోనే నిర్ణయాలు చేస్తారు. నా అభిప్రాయంలో ఈ మొత్తం వ్యవహారంలో హాని చేసేది అదొక్కటే. కాబట్టి జనప్రవాహానికి అడ్డం కాకుండా ఏదైనా దుకాణం పక్కకు జరిగి, చేతికి అందిన గుడ్డనో కర్రనో పట్టుకొని, పీల్చిన దానికంటే వదిలే శ్వాస పొడవుగా ఉండేటట్టు పది పన్నెండు సార్లు ఊపిరి తీసుకోండి. ఆ రెండు మూడు నిమిషాలు గడిచేవరకు ఏ అడుగూ వేయకండి.

ఇప్పుడు చూడవలసింది ఆ మనిషి పక్కన ఎవరున్నారని. వారి జీవిత భాగస్వామికి మీ గురించి ఎంత తెలుసో, అసలు తెలుసో లేదో మీకు తెలియదు. ఆ విషయం చెప్పుకొనే హక్కు వారిదే గాని మీది కాదు. వారు మిమ్మల్ని చూడకపోతే, మీరు కనబడే ప్రయత్నం చేయకపోవడమే మంచిది. ఒకసారి తృప్తిగా చూడటంలో తప్పు లేదు. జుట్టు నెరిసిందనో, కళ్లద్దాలు వచ్చాయనో, నవ్వు మాత్రం మారలేదనో మనసులో అనుకొని, వేరే వరుసలోకి మళ్లవచ్చు.

చూపులు కలిస్తే మాత్రం చూడనట్టు ముఖం తిప్పుకోకండి. కలిసిన చూపును కాదనడం ఎదుటివారిని చాలా రోజులు బాధిస్తుంది. చిన్నగా తల ఊపడం, ఒక చిరునవ్వు చాలు. దానికి అటునుంచి కూడా తల ఊగితే ఆ పలకరింపు అక్కడితో పూర్తయినట్టే. అయితే భయపెట్టిన మనిషినుంచి, చెయ్యి చేసుకున్న మనిషినుంచి విడిపోయినవారికి ఈ మర్యాద ఏదీ వర్తించదు. అటువంటివారు ఎవరినీ పలకరించనక్కరలేదు; వెంట ఉన్నవారికి చెప్పి, జనం ఎక్కువగా ఉన్న వైపునుంచే దగ్గరి గేటు చేరుకొని వెళ్లిపోవాలి.

మాట్లాడక తప్పని పరిస్థితి వస్తే మన భాషలో మొదటి చిక్కు సంబోధన దగ్గరే వస్తుంది. ఒకప్పుడు నువ్వు అని పిలిచిన మనిషిని ఇంటివాళ్ల ముందు అలా పిలిస్తే ఆ ఒక్క మాటే అంతా చెప్పేస్తుంది. మీరు అంటే గొంతు పట్టుకున్నట్టు ఉంటుంది. నేను ‘బాగున్నారా’ అనే అన్నాను. అతనూ ‘బాగున్నామండీ, మీరు?’ అన్నాడు. ఆ ‘మీరు’ మొదట గుచ్చుకుంది గాని, అది దూరం పెట్టడం కాదని, పక్కనే నిలబడి మా ఇద్దరినీ చూస్తున్న అతని భార్యకు ఇచ్చిన గౌరవమని తరువాత అర్థమైంది. పిల్లలకు పరిచయం చేసేటప్పుడు వరుసలు కలపవద్దు. ‘మామయ్యకు నమస్తే చెప్పు’ అంటే అతన్ని మీకు తోబుట్టువును చేసినట్టవుతుంది, ‘బాబాయి’ అంటే మీ ఆయనకు తమ్ముణ్ని చేసినట్టవుతుంది. రెండూ ఇద్దరి మనసులకూ ఇబ్బందే. ఇటువంటి చోట ‘అంకుల్’, ‘ఆంటీ’ అన్న మాటలు నిజంగా మేలు చేస్తాయి. ‘మా కాలేజీలో చదివారు’ అన్నది నిజమైతే పరిచయానికి అంతకంటే ఎక్కువ అవసరం లేదు.

పిల్లలు ఏం చదువుతున్నారు, అమ్మగారు ఎలా ఉన్నారు అని అడగవచ్చు. పెద్దవాళ్ల ఆరోగ్యం గురించి అడిగేటప్పుడు వారు ఉన్నారో లేదో తెలియకపోతే ‘ఇంట్లో అందరూ కులాసానా’ అనడం క్షేమం. ఎందుకు విడిపోయామన్న ప్రస్తావన వద్దు, ఫోను నంబరు అడగవద్దు, మర్యాదకైనా ‘ఒకసారి ఇంటికి రండి’ అనవద్దు. రెండు నిమిషాలు దాటకముందే సెలవు తీసుకోండి. మనం మామూలుగా ‘వెళ్లొస్తాను’ అంటాము. ఇక్కడ మళ్లీ వస్తానన్న మాట కలవకుండా ‘ఉంటానండీ’ అంటే సరిపోతుంది.

తప్పుకొనే దారి లేని చోట్లు కూడా ఉంటాయి. తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్సు కంపార్టుమెంటులోనో, రాత్రి రైలులో ఎదురు బెర్తులోనో గంటల తరబడి కలిసి ఉండవలసి వస్తే, మొదటే ఒకసారి పలకరించి, ఆ తరువాత ఎవరి ముచ్చట్లలో వారు పడటం మేలు. బెర్తు మార్చుకోవడానికి ఎవరైనా ఒప్పుకుంటే మార్చుకోవచ్చు.

వెంట వెళ్లడం గురించి గట్టిగా చెప్పాలి. ‘ఇంకొక్కసారి చూద్దాం’ అనుకుంటూ మరో వరుసకు, ఆ పైన గాంధీభవన్ గేటు దాకా, అక్కడినుంచి మెట్రో స్టేషను దాకా వెళ్లినవారు ఉన్నారు. దూరంనుంచి ఫోటో తీయడమూ అలాంటిదే. స్త్రీ తనకు ఇష్టం లేదని స్పష్టంగా తెలిపిన తరువాత కూడా పురుషుడు పదేపదే వెంబడించి మాట కలపబోవడం, ఆమె ఇంటర్నెట్ వాడకంపై నిఘా పెట్టడం, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను కింద నేరం. తొలిసారి అయితే మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. చట్టం సంగతి అలా ఉంచినా, వెనక ఎవరో వస్తున్నారని తెలిసిన మనిషికి కలిగే భయం చాలా పెద్దది.

ఇంట్లో చెప్పాలా వద్దా అన్నది మీ కాపురాన్నిబట్టి ఉంటుంది. చెప్పదలచుకుంటే ఆ రోజే చెప్పడం మంచిది, ఎందుకంటే వారం తరువాత చెబితే కనబడటం కంటే దాచిపెట్టడమే పెద్ద విషయమవుతుంది. పెళ్లికి ముందే అతని గురించి తెలిసిన మా వారితో తిరుగు ప్రయాణంలో, మెట్రోలో అమ్మాయి నిద్రపోయాక చెప్పాను. ‘బాగున్నాడా’ అని అడిగారు, బాగున్నాడన్నాను.

ఆ రాత్రి ఫోనులో ఆ పేరు వెతకాలనిపిస్తుంది. కనీసం మూడు రోజులు ఆగండి. అన్ని రోజులు గడిచాక నాకు ఆ అవసరం అంత తీవ్రంగా అనిపించలేదు. ఏడుపు వస్తే ఏడవండి, అది ఎవరికీ ద్రోహం కాదు. మరుసటి సంవత్సరం ఆ చోటికి వెళ్లడం మాత్రం మానుకోకండి. మేము మళ్లీ జనవరిలోనే వెళ్లాము. ఆ సాయంత్రం బేరం మధ్యలో వదిలేసిన బూడిదరంగు శాలువ లాంటిదే ఇంకొకటి దొరికితే, అత్తయ్యకని కొన్నాను.