పాత జిప్సీ క్లచ్: గేరుబాక్సు దించే ముందు ఏం చూడాలి, దించాక ఏం మార్చాలి

సాలూరు దాటి సుంకి ఘాటీ ఎక్కుతున్నప్పుడు ఇంజన్ మోత పెరుగుతుంది, బండి మాత్రం ముందుకు లాగదు. కాసేపటికి కాలిన వాసన. వెంటనే "క్లచ్ ప్లేటు పోయింది, గేరుబాక్సు దించాలి" అనేస్తారు. చాలాసార్లు అది నిజమే. కానీ పది నిమిషాలు బండి కింద పడుకుని కేబుల్ చూస్తే తేలిపోయే పనికి రెండు రోజులు గేరుబాక్సు దించుకున్న బండ్లూ ఉన్నాయి. అందుకే ముందు బయట చూడాలి, తర్వాతే లోపలికి వెళ్లాలి.

పొట్టంగి, కోరాపుట్, జయపురం, రాయగడ వైపు ఇంకా తిరుగుతున్న 970 సీసీ పాత మారుతి జిప్సీకీ, తర్వాత వచ్చిన 1.3 లీటర్ల జిప్సీ కింగ్‌కీ కేబుల్ క్లచ్చే. హైడ్రాలిక్ క్లచ్‌లోలా సిలిండర్లు, ఆయిల్, గాలి తీయడం వంటి గొడవ లేదు. పైగా ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే పెట్టె) గేరుబాక్సుకు అంటుకుని ఉండదు, మధ్యలో చిన్న షాఫ్టుతో విడిగా ఉంటుంది. కాబట్టి గేరుబాక్సు ఒక్కటే దించొచ్చు. ఇంటి దగ్గర చేసుకోవడానికి ఇంత అనువైన ఫోర్ వీల్ డ్రైవ్ బండి అరుదు.

క్లచ్ స్లిప్ అవుతోంది (పట్టు లేక జారుతోంది)

పరీక్ష ఇలా. చదునైన చోట బండి ఆపి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగాలి. ఇంజన్ స్టార్ట్ చేసి మూడో గేరు వేసి, కొంచెం యాక్సిలరేటర్ ఇస్తూ క్లచ్ మెల్లగా వదలాలి. ఇంజన్ అక్కడికక్కడే ఆగిపోతే క్లచ్ పట్టు ఉన్నట్టే. ఆగకుండా తిరుగుతూనే ఉంటే స్లిప్ అవుతున్నట్టు. ఒక్కసారి చేస్తే చాలు. మళ్లీ మళ్లీ చేస్తే ఉన్న ప్లేటు కూడా కాలిపోతుంది.

ఇప్పుడు బెల్ హౌసింగ్ (గేరుబాక్సు ముందు, క్లచ్‌ను కప్పి ఉంచే డొప్ప) పక్కన ఉన్న క్లచ్ ఆర్మ్‌ను చేత్తో కదిపి చూడండి. చివర 2 నుంచి 4 మి.మీ. ఖాళీ కదలిక ఉండాలి, పెడల్ దగ్గర అది సుమారు 15 నుంచి 25 మి.మీ. వస్తుంది. ఆర్మ్ అసలు కదలకుండా బిగిసి ఉందంటే రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే క్లచ్‌ను విడదీసే బేరింగ్) ఎప్పుడూ ప్రెషర్ ప్లేటు వేళ్ల మీద ఆని ఉంది, అంటే క్లచ్ సగం తొక్కినట్టే బండి నడుస్తోంది. కేబుల్ చివర నట్టు వదులు చేసి ఆ ఖాళీ తెప్పించి, మళ్లీ పరీక్షించండి.

ఈ ఖాళీ దానంతటదే ఎందుకు తగ్గుతుందో తెలుసుకోవాలి. ప్లేటు మీది లైనింగ్ అరిగేకొద్దీ దాన్ని నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటు ఫ్లైవీల్ (ఇంజన్ వెనక తిరిగే బరువైన చక్రం) వైపు జరుగుతుంది, ప్రెషర్ ప్లేటు వేళ్ల చివర్లు వెనక్కి, బేరింగ్ వైపు వస్తాయి. అంటే ప్లేటు అరిగేకొద్దీ కేబుల్ బిగుతవుతుంది. నట్టు వదులు చేసి ఏడాది తిరగకముందే మళ్లీ బిగుసుకుపోయిందంటే ప్లేటు చివరి దశకు వచ్చింది.

ఖాళీ సరిగ్గా ఉండి కూడా స్లిప్ అయితే లోపల ఎక్కువగా ఉండే కారణాలు: ప్లేటు అరిగింది, దాని మీద ఆయిల్ పడింది, లేదా ప్రెషర్ ప్లేటు పట్టు తగ్గింది.

గేరు పడటం లేదు, రివర్స్ గరగరమంటోంది

ఇది స్లిప్‌కు తిరగబడిన జబ్బు: క్లచ్ తొక్కినా పూర్తిగా విడిపోవడం లేదు. ఇంజన్ ఆన్‌లో ఉండగా క్లచ్ పూర్తిగా తొక్కి ఐదారు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. అప్పుడూ గరగరమంటే క్లచ్ ఈడుస్తోంది.

ముందు కేబుల్. ఆర్మ్ వైపు చివర్లో పోగులు తెగడం మొదలవుతుంది. ఒకటి రెండు పోగులు తెగినా మార్చేయండి, ఘాటీ మధ్యలో తెగితే అవస్థ. తర్వాత ఆర్మ్. ఆర్మ్ రిలీజ్ షాఫ్టు పళ్ల మీద ఒక బోల్టుతో బిగిసి ఉంటుంది. ఆ బోల్టు వదులైతే పెడల్ కిందికి వెళ్తుంది, షాఫ్టు తిరగదు. ఒకరిని పెడల్ తొక్కమని, మీరు ఆర్మ్‌నూ షాఫ్టు చివరనూ ఒకేసారి చూడండి. రెండూ కలిసి తిరగాలి.

వానాకాలంలో నెలా రెండు నెలలు నిలిపేసిన బండికి ఇంకో సంగతి: ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కు అతుక్కుపోతుంది. ఖాళీ మైదానానికి నెట్టుకెళ్లి, ఇంజన్ బాగా వేడెక్కనిచ్చి ఆపండి. రెండో గేరు వేసి క్లచ్ పూర్తిగా తొక్కి ఉంచి సెల్ఫ్ కొట్టండి. బండి గేరులోనే కదులుతుంది. క్లచ్ వదలకుండా యాక్సిలరేటర్ ఇస్తూ, తీస్తూ, బ్రేక్ తొక్కితే ఎక్కువసార్లు విడిపోతుంది. ముందు యాభై మీటర్లలో మనిషీ గొడ్డూ లేకుండా చూసుకోండి.

కొత్త ప్లేటు వేసిన వెంటనే గేరు పడకపోతే, ప్లేటు తిరగేసి పెట్టారేమో అనుమానించండి.

శబ్దాలు

క్లచ్ తొక్కగానే మొదలయ్యే గీ మనే మోత రిలీజ్ బేరింగ్‌ది. న్యూట్రల్‌లో ఉండి, తొక్కితే ఆగిపోయేది గేరుబాక్సు ఇన్‌పుట్ బేరింగ్‌ది. గేరులో ఉంచి పూర్తిగా తొక్కినప్పుడే వచ్చేది ఫ్లైవీల్ మధ్యలోని పైలట్ బేరింగ్‌ది కావచ్చు. బయలుదేరేటప్పుడు బండి వణుకుతుంటే ముందు ఇంజన్, గేరుబాక్సు రబ్బరు మౌంటింగులు చూడండి.

దించక తప్పకపోతే

మన ఎర్రమట్టి నేల వానకు మెత్తబడుతుంది. బండిని ఎత్తి నిలిపే స్టాండ్ల కింద మందపాటి చెక్కలు వేయండి. ఒక్క జాకీ మీద, ఇటుకల మీద బండి నిలబెట్టి కిందికి దూరవద్దు. మనుషులు ఇద్దరు కావాలి.

బ్యాటరీ నెగటివ్ తీయండి. లోపలి నుంచి గేరు రాడ్ తీయండి. గేరు ఆయిల్ దించండి, సుమారు 1.3 లీటర్లు వస్తుంది. మధ్య షాఫ్టు ఫ్లాంజీల మీద పెయింటుతో గుర్తు పెట్టి, అలాగే బిగించేలా విప్పండి. గుర్తు తప్పితే తర్వాత వైబ్రేషన్ వస్తుంది. సెల్ఫ్ మోటారు, రివర్స్ లైటు వైర్లు, క్లచ్ కేబుల్, అడ్డొచ్చే సైలెన్సర్ పైపు తీశాక, ఇంజన్ సంపు (అడుగు ఆయిల్ తొట్టి) కింద చెక్కముక్క పెట్టి జాకీతో ఆన్చి, క్రాస్ మెంబర్ (గేరుబాక్సును మోసే అడ్డ కమ్మీ), బెల్ హౌసింగ్ బోల్టులు విప్పి గేరుబాక్సును నేరుగా వెనక్కి లాగండి.

హౌసింగ్ లోపలి దుమ్మును గాలితో ఊదవద్దు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడవండి.

ప్రెషర్ ప్లేటు బోల్టులు ఎదురెదురుగా, అరచుట్టు చొప్పున వదలండి. ప్లేటు చేతికి రాగానే రివెట్టు తల నుంచి లైనింగ్ పైభాగం దాకా లోతు కొలవండి. 0.5 మి.మీ. కంటే తక్కువైతే ప్లేటు పని అయిపోయింది.

ప్లేటు నల్లగా, జిడ్డుగా ఉంటే ఆగి వాసన చూడండి. గంధకం వాసన ఘాటుగా ఉంటే గేరు ఆయిల్: ఇన్‌పుట్ షాఫ్టు సీలు పోయింది. మామూలు మాడిన ఆయిల్ వాసనైతే ఇంజన్ వెనక మెయిన్ సీలు. ఆ సీలు మార్చకుండా కొత్త ప్లేటు వేస్తే ఆ డబ్బు నీళ్లపాలే. గెడ్డలు దాటే బండ్లలో ఆర్మ్ దగ్గరి రబ్బరు కవరు చిరిగి లోపలికి బురద చేరుతుంది, అదీ చూడండి.

ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ కలిపి మార్చండి, పైలట్ బేరింగూ వేసేయండి. పాత ప్రెషర్ ప్లేటు దాచుకుని మిగిల్చేదేమీ లేదు, అది పోతే మళ్లీ ఇదే పని మొదటి నుంచీ చేయాలి. సామాను కోసం విజయనగరమో విశాఖో వెళ్తే పాత ప్లేటు చేత్తో పట్టుకెళ్లండి, వ్యాసం, మధ్యలోని పళ్ల లెక్క కలిపి చూసుకోండి. 970 సీసీ బండిదీ కింగ్‌దీ ఒకటే అనుకోవద్దు. ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు, పగుళ్లు ఉంటే లేత్ షాపులో చూపించండి. లోతైన పగుళ్లుంటే ఫేసింగ్ (ముఖం చెక్కి చదును చేయడం) చేయించినా లాభం లేదు, మార్చాల్సిందే.

కొత్త రిలీజ్ బేరింగ్‌ను కిరోసిన్‌లో, పెట్రోల్‌లో కడగవద్దు, లోపలి గ్రీజు పోతుంది. ప్రెషర్ ప్లేటు ముఖం మీది తుప్పు నిరోధక నూనెను మాత్రం పెట్రోల్ గుడ్డతో పూర్తిగా తుడవాలి. షాఫ్టు పళ్లకు గ్రీజు వేలికి అంటినంత, ఎక్కువైతే అది ఎగిరి ప్లేటు మీదే పడుతుంది.

ప్లేటు మధ్యకు కూర్చోబెట్టడానికి పాత ఇన్‌పుట్ షాఫ్టు ఉంటే మేలు. లేకపోతే పైలట్ బేరింగ్ రంధ్రానికి సరిపడా కర్ర చెక్కి, ప్లేటు దగ్గర టేపు చుట్టండి. బోల్టులు ఎదురెదురుగా 18 నుంచి 28 న్యూటన్ మీటర్ల మధ్య బిగించండి.

గేరుబాక్సు ఎక్కించేటప్పుడు దాని బరువు ప్లేటు మీద వేలాడనివ్వద్దు, హబ్ వంగిపోతుంది. ఒక గేరు వేసి వెనక ఫ్లాంజీ తిప్పుతూ ఉంటే పళ్లు కలుస్తాయి. చివరి అంగుళం బోల్టులతో లాగి కూర్చోబెట్టాలని చూస్తే అల్యూమినియం హౌసింగ్ చెవులు విరుగుతాయి. చేత్తో కూర్చోకపోతే వెనక్కి తీసి ప్లేటు మధ్యలో ఉందో లేదో మళ్లీ చూడండి.

గేరు ఆయిల్ పోసి, ఆర్మ్ దగ్గర 2 నుంచి 4 మి.మీ. ఖాళీ పెట్టండి. మొదటి 300 కిలోమీటర్లు లోడు వేసుకుని ఘాటీ ఎక్కవద్దు, వాలులో క్లచ్ మీద బండి నిలపవద్దు. ఆ తర్వాత ఆర్మ్ ఖాళీ మళ్లీ కొలిచి, తేడా ఉంటే కేబుల్ నట్టు సరిచేయండి.