సన్న ల్యాప్‌టాప్ కొంటున్నారా? ముందు ర్యామ్ సంగతి చూడండి

మొన్న మా అక్క కూతురికి ల్యాప్‌టాప్ కొనడానికి చిత్తూరు నుంచి తిరుపతి వెళ్లాం. ఎస్వీ యూనివర్సిటీలో చేరింది, రోజూ బస్సులో మోసుకెళ్లాలి కాబట్టి కిలో పైచిలుకు బరువుండే సన్న రకమే కావాలంది. ర్యామ్ (పని చేసేటప్పుడు ప్రోగ్రాములు వాడుకునే తాత్కాలిక మెమరీ) 8 జీబీది తీసుకోవాలా, 16 జీబీదా అన్న దగ్గర ఆగిపోయాం.

చేతిలో కాస్త ఎక్కువ డబ్బుంటే అది ర్యామ్ మీదే పెట్టండి. ఇలాంటి సన్న వాటిలో చాలావరకు ర్యామ్‌ని మదర్‌బోర్డుకే అతికించేస్తారు, తర్వాత పెంచుకోలేం. స్టోరేజ్ అలా కాదు. చాలా విండోస్ మోడళ్లలో ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచుకునే డ్రైవ్) మార్చుకోవచ్చు. మ్యాక్‌బుక్ ఎయిర్‌లో అదీ కుదరదు కానీ, బయట నుంచి ఒక ఎస్ఎస్‌డీ తగిలించుకోవచ్చు.

ప్రాసెసర్ ఐ5 బదులు ఇంకాస్త వేగమైన ఐ7 అంటారా? సన్నటి బాడీలో వేడి త్వరగా పోదు, వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మన తిరుపతి మే నెల ఎండల సంగతి తెలిసిందే కదా! చదువుకి ఐ5 చాలు.

విండోస్ ల్యాప్‌టాప్ అయితే షాపులో ఉండగానే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి, టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ తెరిచి, ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర 'రో ఆఫ్ చిప్స్' అని కనిపిస్తే అది అతికించిన ర్యామే. మేం అలా చూసుకునే 16 జీబీది తీసుకున్నాం.